ముగ్గురికీ ఒకే సబ్బా, టీచర్ గారూ?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మాది తాడిపత్రి. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. రోజూ స్కూటర్ మీద పోను పద్నాలుగు, రాను పద్నాలుగు కిలోమీటర్లు. చిన్నప్పటి నుంచి నాది జిడ్డు మొహం. కాలేజీ రోజుల్లో మొటిమలతో విసిగిపోయాను. రెండేళ్లుగా మాత్రం స్నానం చేసి రాగానే బుగ్గలు బిగుసుకుపోతున్నాయి, పౌడర్ వేస్తే పొరలు పొరలుగా తేలుతోంది. ముక్కు మటుకు మధ్యాహ్నానికి మెరుస్తూనే ఉంటుంది. బుగ్గల మీద మంగు కూడా మొదలైంది. పార్లర్ అమ్మాయి "మీ స్కిన్ టైప్ మారిపోయింది మేడమ్" అని ఆరు వేల రూపాయల కిట్ చూపించింది. టైప్ అనేది మారుతుందా? మా అమ్మకు 71. కాళ్లు చేప పొలుసుల్లా అయిపోయి రాత్రంతా గోక్కుంటుంది. మా పాపకు 17, మొహం నిండా మొటిమలు. ముగ్గురం ఒకటే సబ్బు, ఒకటే క్రీము వాడతాం. ఈమధ్య పక్కింటావిడ వారంలో మొహం తేటపడుతుందని ఒక ట్యూబు తెచ్చిచ్చింది. పది రోజులుగా పూస్తున్నాను, నిజంగానే తేటపడింది. వాడొచ్చా? ఇంకో మాట, ఉగాదికి అందరం నలుగు పెట్టుకోవాలని అమ్మ పట్టుబడుతోంది. పెట్టుకోవచ్చా?
– ఒక టీచర్, తాడిపత్రి

సమాధానం: టీచర్ గారూ, మీరు చివర్లో రాసిన ట్యూబు సంగతి ముందు చూద్దాం. మిగతావి నెల ఆగినా ఏమీ కాదు, ఇది ఆగదు. ఆ ట్యూబు చేతిలోకి తీసుకుని, చీమ తలకాయంత అక్షరాలు ఉన్న వైపు ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చదవండి. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్, ఫ్లూఓసినోలోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్ క్రీము. వాటి పక్కన హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా ఉంటే, చర్మ డాక్టర్లు మంగుకు కొద్ది వారాల పాటు, దగ్గరుండి చూసుకుంటూ ఇచ్చే మందు అది. పక్కింటావిడలు ఇచ్చేది కాదు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. చీటీ అడగని షాపులు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇక ట్యూబు మీద ఏమేం కలిపారో అసలు రాసే ఉండకపోతే, అది ఇంకా ప్రమాదం. తెల్లబరిచే నాటు క్రీముల్లో కొన్నిట్లో పాదరసం కలుపుతారు, అది చర్మంలోంచి లోపలికి పోయి కిడ్నీలను దెబ్బతీస్తుంది. అలాంటిదైతే మరో ఆలోచన లేకుండా పారేయండి.

పది రోజుల్లో తేటపడిందంటే స్టెరాయిడే అయి ఉంటుందని నా అనుమానం. స్టెరాయిడ్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, ఎరుపును అణిచేస్తుంది, రంగు తయారయ్యే పనిని మందగింపజేస్తుంది. అందుకే మొదటి నెల అద్దం మనకు అబద్ధం చెప్తుంది. ఆ తర్వాత చర్మం పలచబడుతుంది. కొన్నేళ్ల కిందట కర్నూల్లో నా ఓపీకి ఒక పెళ్లికూతురు వచ్చింది. నిశ్చితార్థం నుంచి నాలుగు నెలలు ఇలాంటిదే పూసింది. బుగ్గల మీద ఎర్రటి దారాల్లా నరాలు తేలాయి, గడ్డం చుట్టూ చిన్న చిన్న కురుపులు, చెంపలకు నూగు వెంట్రుకలు. మానేస్తే మంట, పూస్తే హాయి. అందుకని మానలేకపోయింది. తనకు మామూలు మొహం తిరిగి రావడానికి ఏడాది దాకా పట్టింది. మీరు వాడింది పది రోజులే కాబట్టి ఈ రోజే ఆపేయండి. రెండు మూడు రోజుల్లో ఎర్రబడి మండితే భయపడి మళ్లీ అదే పూయకండి. అనంతపురం సర్వజన ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్లి, ట్యూబు కూడా చూపించండి. నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లు సొంతంగా ఆపకుండా డాక్టర్ దగ్గరికి పోయి ఆపాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. స్కిన్ టైప్ అనే ఒక్క పేరు కింద రెండు సంగతులు చలామణి అవుతున్నాయి. అందులో ఒకటి మారదు, ఒకటి మారుతుంది. తికమకంతా అక్కడే.

మారనిది ఎండకు సంబంధించింది. ఎండ తగిలితే ఎవరి చర్మం కమిలిపోతుంది, ఎవరిది నల్లబడుతుంది అన్న లెక్కన 1975లో హార్వర్డ్‌కు చెందిన ఫిట్జ్‌పాట్రిక్ అనే చర్మ వైద్యుడు వర్గాలు చేశాడు. ఇప్పుడు అవి ఆరు. ఒకటో రకం వాళ్లు ఎండలో నిలబడితే ఎర్రగా కాలిపోతారే తప్ప నల్లబడరు. ఆరో రకం వాళ్లు దాదాపు ఎప్పుడూ కాలరు. మనవాళ్లం ఎక్కువమంది నాలుగు, ఐదు. ఇది పుట్టుకతో వచ్చిన గుణం, డెబ్బై ఏళ్లొచ్చినా అదే. దీనివల్ల మనకో లాభం ఉంది, ముడతలు ఆలస్యంగా పడతాయి. నష్టం ఏమిటంటే, చర్మానికి ఏ చిన్న గాయమైనా, మంటైనా, గిల్లుడైనా నల్ల మచ్చగా మిగులుతుంది. మీ పాప మొటిమను గిల్లితే మొటిమ వారంలో పోతుంది, మచ్చ ఆర్నెల్లు కూర్చుంటుంది. పార్లర్లలో చేసే ఘాటైన పీలింగులు, లేజర్లు మనలాంటి రంగుకు జాగ్రత్తగా చేయకపోతే ఉన్న మచ్చ ఇంకా ముదురుతుంది. కిట్ అమ్మేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

మారేది జిడ్డు, పొడి, మిశ్రమం అనే రెండో లెక్క. ఈ పేర్లు ఆసుపత్రుల కంటే ఎక్కువగా క్రీముల దుకాణాల్లోంచి వచ్చినవి. 20వ శతాబ్దం మొదట్లో హెలెనా రూబిన్‌స్టీన్ అనే సౌందర్య సాధనాల వ్యాపారవేత్త వీటిని ప్రచారంలోకి తెచ్చింది. పేర్లు తప్పని కాదు, పనికొస్తాయి. కాకపోతే జన్మనక్షత్రంలా ఒకసారి తెలుసుకుని జీవితాంతం చెప్పుకునేవి కావు. జిడ్డు తయారుచేసే గ్రంథులు హార్మోన్ల మాట వింటాయి. పదకొండు పన్నెండేళ్లకు నిద్ర లేచి, ఇరవైల్లో జోరు మీద ఉండి, ఆడవాళ్లలో నెలసరి ఆగే వయసుకు నెమ్మదిస్తాయి. మగవాళ్లలో అవి అంత తొందరగా తగ్గవు. మీ ఇంట్లో పెద్దాయన ఎవరైనా ఉంటే దిండు గలీబు చూడండి, డెబ్బైలో కూడా జిడ్డు మరక ఉంటుంది.

కాబట్టి పార్లర్ అమ్మాయి అన్న మాట నిజమే. ఆరు వేలే అబద్ధం.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి కిట్ అక్కర్లేదు, ఒక ఆదివారం పొద్దున చాలు. నురగ ఎక్కువ రాని మామూలు ఫేస్‌వాష్‌తో మొహం కడిగి, రుద్దకుండా తువ్వాలుతో అద్దుకోండి. క్రీము, పౌడరు, పసుపు ఏదీ పూయకుండా గంట సేపు మీ పనులు చేసుకోండి. కూలర్ గాలికి ఎదురుగా మాత్రం కూర్చోకండి. గంట తర్వాత పెళ్లిభోజనాల్లో ఇచ్చే పలచటి టిష్యూ కాగితం తీసుకుని, నుదుటి మీద ఒకటి, ముక్కు మీద ఒకటి, ఒక్కో బుగ్గ మీద ఒక్కోటి రెండు మూడు క్షణాలు అదిమి, కిటికీ వెలుతురుకు పెట్టి చూడండి. నూనె పడిన చోట కాగితం అద్దంలా కనిపిస్తుంది. మీకు ముక్కు మీది కాగితం తడిసి, బుగ్గల మీది కాగితం పొడిగా వస్తుందని పందెం కడతాను. మీరిప్పుడు మిశ్రమం. ఇదే పరీక్ష మేలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి చేస్తే ఫలితం వేరుగా రావచ్చు.

ఊరు కూడా ఇందులో చెయ్యేసుకుంటుంది. విజయవాడలో ఉండే మా చెల్లెలు ఎప్పుడూ జిడ్డు జిడ్డని మొత్తుకుంటుంది. ఇక్కడికొచ్చి నాలుగు రోజులుంటే పెదాలు పగిలి, నెయ్యి అడుగుతుంది. కోస్తాలో గాలికి తడి ఉంది, మనకు లేదు. దేశంలోనే వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. దానికి తోడు బోరునీళ్లు. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, వచ్చిన నురగ సరిగా పోదు. ఆ సబ్బు పొర చర్మం మీదే ఉండి బిగుసుకుపోయేలా చేస్తుంది. మంచి చర్మం కాస్త పులుపు గుణంతో ఉంటుంది, పీహెచ్ ఐదు దరిదాపుల్లో. మామూలు స్నానం సబ్బు పీహెచ్ తొమ్మిది, పది. పదిహేడేళ్ల చర్మం ఆ దెబ్బను గంటల్లో సర్దుకుంటుంది. మీ అమ్మగారి చర్మం అంత తొందరగా సర్దుకోలేదు.

వయసు సంగతికి వస్తే, మీకు మీరే చేసుకోగల పరీక్ష ఇంకోటి ఉంది. చెయ్యి పైకెత్తి, చంక కింద మోచేతికి పైన లోపలి వైపు చర్మం చూడండి. తర్వాత స్కూటర్ హ్యాండిల్ పట్టుకునే మీ ముంజేతి వెనుక భాగం చూడండి. రెండూ ఒకే రోజు పుట్టినవి, రెండింటికీ 46 ఏళ్లే. ఒకటి ఇంకా నున్నగా ఉంటుంది, ఒకటి గరుకై నల్లబడి గీతలు పడి ఉంటుంది. మధ్యలో ఉన్న తేడా వయసుది కాదు, ఎండది. మీ మంగుకు కూడా ప్రధాన శత్రువు అదే. వంశంలో ఉండటం, కాన్పులు, హార్మోన్ మాత్రలు మంగును మొదలుపెట్టొచ్చు, దాన్ని పోషించేది మాత్రం రోజుకు ఇరవై ఎనిమిది కిలోమీటర్ల ఎండ.

వయసు చేసే పని కూడా తక్కువేం కాదు. పై చర్మం కింద నుంచి పైకి కొత్త కణాలను పంపుతూ పాతవాటిని రాల్చేస్తుంటుంది. యవ్వనంలో ఈ చక్రం నెల లోపే తిరుగుతుంది, పెద్దయ్యే కొద్దీ నెలన్నర, ఇంకా పైనే పడుతుంది. అందుకే చర్మం కళ తప్పినట్టు కనిపిస్తుంది, గీరుకుపోయిన చోట మానడానికి ఆలస్యమవుతుంది. కింది పొరలో చర్మాన్ని నిలబెట్టే కొల్లాజెన్ ఇరవైల చివరి నుంచి ఏటా కొంచెం కొంచెం తగ్గుతూ వస్తుంది. నెలసరి ఆగిన మొదటి ఐదేళ్లలో ఇది ఒక్కసారిగా జారుతుంది, దాదాపు 30 శాతం పోతుందని లెక్క. మీరు ఆ మెట్టు ముందు నిలబడి ఉన్నారు. నెలసరి ముందూ వెనకా అవుతోందా అన్నది మీరు రాయలేదు, బహుశా అవుతూనే ఉంటుంది. బుగ్గలు బిగుసుకుపోవడం ఆ మార్పుకు వచ్చిన ముందస్తు కబురు.

మీకు కావలసింది నాలుగు వస్తువులు, అవీ ఒక్కోటి. మొహానికి సబ్బు మానేసి ఆ మెత్తటి ఫేస్‌వాష్, రోజుకు రెండుసార్లు. తడి ఆరకముందే సెరమైడ్లో గ్లిసరినో ఉన్న మాయిశ్చరైజర్, బుగ్గలకు ధారాళంగా, ముక్కుకు పేరుకు మాత్రం. పొద్దున ఎస్పీఎఫ్ 30 లేదా అంతకు పైన ఉన్న సన్‌స్క్రీన్. చూపుడు వేలు, మధ్య వేలు పక్కపక్కన పెట్టి మొదలు నుంచి చివరి దాకా రెండు గీతలు పిండితే వచ్చేంత, అది మొహానికీ మెడకూ సరిపోతుంది. మనవాళ్లు శనగ గింజంత తీసుకుని పని చేయలేదంటారు. మంగు ఉన్నవాళ్లకు లేత గోధుమ రంగు కలిపిన సన్‌స్క్రీన్ మేలు. అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుగును కూడా ఆపుతుంది. మన రంగు చర్మాల్లో ఆ వెలుగు కూడా మంగును పెంచుతుంది. బడి వదిలాక బయల్దేరే ముందు ఇంకోసారి పూయాలి. స్టాఫ్‌రూమ్‌లో నవ్వుతారనిపిస్తే చున్నీ గట్టిగా కట్టుకుని హెల్మెట్ పెట్టండి, అదీ ఎండను కొంత ఆపుతుంది. క్లాసులో కిటికీ పక్కన కుర్చీ ఉంటే జరపండి, ముడతలు తెచ్చే రకం కిరణాలు అద్దంలోంచి కూడా వస్తాయి.

నాలుగోది రెటినాల్, అంటే విటమిన్ ఎ రకపు పూత. వారానికి రెండు రాత్రులు, ఇక్కడ మాత్రం నిజంగానే శనగ గింజంత. ఆ ట్యూబు ఆపి కనీసం నెల గడిచి, చర్మం నెమ్మదించాకే మొదలుపెట్టండి. మూడు నెలల లోపు తేడా అడగొద్దు. మంగు పూర్తిగా పోతుందని నేను మాటివ్వను. పలచబడుతుంది, ఎండలో అశ్రద్ధ చేస్తే తిరిగొస్తుంది, నెలసరి పూర్తిగా ఆగాక చాలామందిలో దానంతట అదే సన్నగిల్లుతుంది.

ఇంకో చిన్న సంగతి. మెడ వెనుక, చంకల్లో చర్మం మందంగా, నల్లగా, మఖమల్ గుడ్డలా అయిందేమో చూసుకోండి. అది మురికి కాదు, పీచు పెట్టి తోమితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదనడానికి గుర్తు. అలా ఉంటే క్రీము కొనే ముందు షుగర్ పరీక్ష చేయించండి.

అమ్మగారి విషయంలో నాకు ఎక్కువ ఆత్రంగా ఉంది. చేప పొలుసుల కాళ్లు, రాత్రి దురద, ఈ రెండూ కలిస్తే నూటికి ఎక్కువ పాళ్లు పొడిబారడమే. నూనె గ్రంథులు దాదాపు పని మానేశాయి, పిక్కల మీద అవి ముందే తక్కువ. దానికి రోజూ సలసల కాగే నీళ్లు, పాప వాడే సబ్బు. వేడినీళ్లు పోసుకుంటే దురదకు హాయిగా ఉంటుందని పెద్దవాళ్లు ఇంకా వేడి పెంచుతారు, దురద ఇంకా పెరుగుతుంది. గోరువెచ్చటి నీళ్లు, ఐదారు నిమిషాల స్నానం. సబ్బు చంకలకు, గజ్జల్లో, పాదాలకు చాలు, మిగతా ఒంటికి రోజూ అక్కర్లేదు. పెద్దావిడ ఒప్పుకోదు, "సబ్బు లేకుండా ఏం స్నానమే" అంటుంది. సబ్బు రహిత బార్ అని దొరుకుతుంది, అది చేతికిచ్చి సబ్బేనని చెప్పండి.

అసలు పని స్నానం తర్వాత ఉంది. ఒళ్లు పూర్తిగా తుడవకుండా, చర్మం చెమ్మగా ఉన్న మూడు నిమిషాల్లో వ్యాజిలిన్ అని మనం పిలిచే పెట్రోలియం జెల్లీ గానీ, కొబ్బరినూనె గానీ కాళ్లకు పైనుంచి కిందికి, వెంట్రుకల వాలున రాయండి. నూనె నీటిని ఇవ్వదు, ఉన్న నీటిని పోనివ్వకుండా మూత పెడుతుంది. ఆరిపోయిన కాలికి నూనె రాస్తే ఖాళీ గిన్నెకు మూత పెట్టినట్టే. రాత్రి పడుకునే ముందు తడిగుడ్డతో కాళ్లు అద్ది మళ్లీ రాయండి. పగుళ్లున్న మడమలకు యూరియా కలిసిన క్రీము బాగా పనిచేస్తుంది. గోళ్లు పొట్టిగా తీసేయండి. పాతికేళ్ల చర్మం గోకితే చార పడుతుంది, డెబ్బై ఏళ్ల చర్మం గోకితే చిరుగుతుంది.

మూడు వారాలు ఇలా చేసినా దురద తగ్గకపోతే ఊరుకోవద్దు. షుగర్, థైరాయిడ్, కిడ్నీ, లివర్, రక్తహీనత పరీక్షలు చేయించాలి, వీటన్నిటికీ దురద ఒక ముసుగు. వాడే మాత్రల చీటీ కూడా డాక్టర్‌కు చూపించండి. వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర పొక్కులుండి, ఇంట్లో ఇంకొకరికి కూడా రాత్రిళ్లు దురద మొదలైతే అది పొడిబారడం కాదు, గజ్జి. అప్పుడు ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు పూసుకోవాలి.

పాపది అందరికంటే సులువు, కానీ తను అలా అనుకోదు. ఆ వయసులో మొటిమలు వేడి చేసి రావు, మురికివల్లా రావు. రోజుకు ఆరుసార్లు కడిగినా పోవు, పైగా రేగుతాయి. పొద్దున సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్, రాత్రి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ పలచగా మొహమంతా, మొటిమ మీద మాత్రమే కాదు. ఆ జెల్ దిండు గలీబు రంగు పోగొడుతుంది, తెల్లది వేయండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ ఫలితం కనిపించదు. ఇంటర్ పిల్లలకు అంత ఓపిక ఉండదు, పదో రోజుకే టూత్‌పేస్టు, నిమ్మకాయ మొదలుపెడతారు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి పోతే చర్మం కాలి బొబ్బలొస్తాయి, గట్టిగా చెప్పండి. తలకు నూనె రాస్తే నుదుటి మీదికి కారనివ్వొద్దు. నుదుటి మొటిమలకు అదొక్కటే కారణమైన పిల్లలు నా దగ్గరికి చాలామంది వచ్చారు. నెలసరి క్రమం తప్పి, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే ముందు గైనకాలజిస్టుకు చూపించండి. మీ క్రీము తనకు వద్దు, తన ఫేస్‌వాష్ మీకూ వద్దు.

నలుగు సంగతి మిగిలింది. పండగపూట అమ్మ మాట కాదనకండి. అమ్మకు ముందు నూనె బాగా పట్టించి, సున్నిపిండిని పాలతో జారుగా కలిపి మెత్తగా పూయండి. పిక్కల మీద మాత్రం రుద్దొద్దు. మీరు ఒంటికి పెట్టుకోండి, ఆ ట్యూబు ఆపిన కొత్తలో మొహాన్ని వదిలేయండి. పాపకు చేతులకు, కాళ్లకు సరే, మొటిమల మీద పిండి రుద్దితే గీరుకుపోయి మచ్చలు పడతాయి. ఇంకొకటి, మీ ఊరి బండలు పరిచిన స్నానాల గదిలో నూనె, సున్నిపిండి నీళ్లు కలిస్తే సబ్బు కంటే ఎక్కువ జారుతుంది. అమ్మను పీట మీద కాకుండా గట్టి కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లు పోయండి, అరికాళ్ల నూనె తుడిచాకే లేవనివ్వండి.